341 అంటే ఏమిటో ఏజెంటుకి ఎవరు చెప్పాలి?

గుంటూరు దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీలో మా బావకి వాటా ఉంది. మిర్చి సీజన్ వచ్చిందంటే ఆ ఆఫీసు గదిలో ఫోన్ మోగుతూనే ఉంటుంది. మావి ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) ఉన్నాయి, అద్దె ఎంత కట్టాలి, బాండు (సరుకు దింపినందుకు ఇచ్చే రసీదు) మీద బ్యాంకు లోను తీరిందా లేదా... ఎప్పుడూ ఇవే ప్రశ్నలు. గుమాస్తా గారు ఒక చేత్తో ఫోన్ పట్టుకుని, ఇంకో చేత్తో కంప్యూటర్‌లో నాలుగు స్క్రీన్లు మార్చి జవాబు చెబుతారు. ఆ నాలుగు స్క్రీన్ల పని ఏఐ ఏజెంటుకి, అంటే మామూలు మాటల్లో అడిగితే జవాబు చెప్పే ఏఐ ప్రోగ్రామ్‌కి, అప్పగిద్దామని ఉత్సాహపడింది నేనే. ప్రోగ్రామింగ్ నా వృత్తి కదా, వారంలో అయిపోతుందనుకున్నాను.

మొదటి రోజు గుమాస్తా గారు టైప్ చేసిన ప్రశ్న ఇది: "ఖాతా 1127 రైతువి 341 ఎన్ని ఉన్నాయి?"

ఏజెంటు తడుముకోకుండా చెప్పింది: "62 టిక్కీలు ఉన్నాయి."

గుమాస్తా గారు కళ్లజోడు పైకి నెట్టుకుని నావైపు చూశారు. "ఆయనవి నూట పద్దెనిమిది బాబూ. దగ్గరుండి దింపించింది నేనే."

గుంటూరు మిర్చి యార్డు వైపు వెళ్లినవాళ్లకి ఇందులో తిరకాసు వెంటనే తెలుస్తుంది. అక్కడ మిర్చి రకాల్లో చాలా వాటికి నంబర్లే పేర్లు. తేజ, బాడిగ అన్నట్టే 334, 341, నంబర్ 5 అంటారు. గుమాస్తా గారు అడిగింది 341 రకం గురించి. ఏజెంటు దాన్ని లాట్ (ఒకసారి దింపిన సరుకు) నంబర్ అనుకుంది. 341 నంబరు లాట్ నిజంగానే ఉంది. అది వేరే రైతుది, అందులో ఉన్నది తేజ, 62 టిక్కీలు. అంటే ఏజెంటు చెప్పిన అంకె కల్పించింది కాదు. లెక్క నిజమైనదే, కాకపోతే ఇంకొకరిది. ఇలాంటి తప్పుతోనే భయం. పూర్తిగా పిచ్చి జవాబైతే ఎవరైనా పట్టుకుంటారు.

ఏజెంటు వెనకున్న భాషా మోడల్ తెలివితక్కువదని ఆ సాయంత్రం వరకు తిట్టుకున్నాను. తర్వాత స్టాక్ లెక్క కోసం ఏజెంటు పిలిచే చిన్న ప్రోగ్రామ్‌కి, అంటే టూల్‌కి, నేను రాసిన వివరణ తెరిచి చూస్తే అందులో ఉన్నవి మూడే మాటలు: "స్టాక్ వివరాలు ఇస్తుంది."

ఏజెంటు అనగానే అది మన డేటాబేస్‌లోకి వెళ్లి చూసి వస్తుందని చాలామంది అనుకుంటారు. భాషా మోడల్‌కి చదవడం, రాయడం తప్ప ఇంకేమీ రావు. ప్రశ్నతో పాటు మనం దానికి టూళ్ల జాబితా ఒకటి పంపిస్తాం. ఒక్కో టూల్‌కి ఒక పేరు, ఒక వివరణ, దాన్ని పిలవాలంటే ఏయే విలువలు ఇవ్వాలో చెప్పే పట్టిక ఉంటాయి. ఆ పట్టికను సాధారణంగా జేసన్ స్కీమా అనే పద్ధతిలో రాస్తారు, అందులోని ఒక్కో గడిని ప్యారామీటర్ అంటారు. మోడల్ ఆ జాబితా చదివి, "ఈ టూల్‌ని ఈ విలువలతో పిలవండి" అని ఒక చీటీ రాసిస్తుంది. ఆ చీటీ ప్రకారం పని చేసేది మన ప్రోగ్రామ్. వచ్చిన ఫలితాన్ని మళ్లీ అక్షరాల్లోనే మోడల్‌కి చూపిస్తే, అది చదివి మనిషికి జవాబు రాస్తుంది.

2023 జూన్‌లో చాట్‌జీపీటీ తయారుచేసే ఓపెన్‌ఏఐ తన ఏపీఐలో (వేరే ప్రోగ్రాములు మోడల్‌ని వాడుకునే దారి) ఫంక్షన్ కాలింగ్ పేరుతో దీన్ని పెట్టాక ఈ పద్ధతి బాగా ప్రచారంలోకి వచ్చింది. 2024 నవంబరులో క్లాడ్ మోడల్ తయారుచేసే ఆంత్రోపిక్ విడుదల చేసిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్, అందరూ ఎంసీపీ అంటున్నది, దీన్ని ఇంకో మెట్టు ఎక్కించింది. ఇప్పుడు ఒకరు రాసిన టూల్‌ని వాళ్లకి పరిచయమే లేని ఇంకొకరి ఏజెంటు వాడుకోవచ్చు. అంటే మనం రాసిన నాలుగు వాక్యాలు ఏ మోడల్ చదువుతుందో, ఏ ప్రశ్న మధ్యలో చదువుతుందో మనకే తెలియదు.

మోడల్‌కి మన కోడ్ కనిపించదు. టేబుళ్ల పేర్లు, కోడ్ పక్కన రాసుకున్న కామెంట్లు, గుమాస్తా గారి ఇరవై ఏళ్ల అనుభవం, ఇవేవీ దాని కంటికి ఆనవు. కొత్తగా చేరిన ఉద్యోగి అయితే మొదటి వారం తప్పులు చేస్తాడు, పక్క సీటు వాళ్లని అడుగుతాడు, టీ తాగుతూ నాలుగు విషయాలు నేర్చుకుంటాడు. ఏజెంటుకి ప్రతి సంభాషణా ఉద్యోగంలో చేరిన మొదటి రోజే. నిన్న చెప్పాం కదా అంటే, మనం ఎక్కడో రాసి మళ్లీ చూపిస్తే తప్ప, దానికి నిన్న అనేది లేదు.

ఆ మూడు మాటల స్థానంలో తర్వాత నేను రాసింది ఇది:

"కోల్డ్ స్టోరేజీలో ఒక రైతు దింపిన మిర్చిలో ప్రస్తుతం లోపల ఎన్ని టిక్కీలు మిగిలి ఉన్నాయో రకాలవారీగా చెబుతుంది. టిక్కీ అంటే ఎండుమిర్చి బస్తా. లెక్క టిక్కీల్లోనే వస్తుంది, బరువు రాదు. 334, 341 వంటివి మిర్చి రకాల పేర్లు, లాట్ నంబర్లు కావు. లాట్ నంబరు ఎప్పుడూ ఏడాదితో మొదలవుతుంది, ఉదాహరణకి 25-0341. అద్దె బాకీ కోసం దీన్ని వాడవద్దు, దానికి అద్దె_బాకీ అనే టూల్ ఉంది. మార్కెట్ ధరలు ఏ టూల్‌లోనూ లేవు. గేటు దాటిన సరుకు రాత్రి 8 గంటలకి లెక్కలోకి వస్తుంది, కాబట్టి ఈ రోజు తీసుకెళ్లిన టిక్కీలు ఇందులో ఇంకా తగ్గి ఉండవు."

ఇందులో ఒక్క వాక్యం కూడా నా తెలివి కాదు. ప్రతిదాని వెనకా ఒక పొరపాటో గుమాస్తా గారి విసుగో ఉంది. టిక్కీ అంటే ఏమిటో రాయాలని నాకు తోచనే లేదు. శ్రీకాకుళం నుంచి వచ్చిన మా ఆఫీసు కుర్రాడికి మొదటి వివరణ చూపిస్తే, "టిక్కీ ఏంటన్నా, ఆలూ టిక్కీయా?" అన్నాడు. నవ్వుకున్నాం గానీ, ఇంటర్నెట్‌లోని రాతలెన్నో చదివిన మోడల్‌కి కూడా ఆ పదం వినగానే ముందు ఆలూ టిక్కీయే గుర్తొచ్చే అవకాశం ఎక్కువ. బరువు రాదు అన్న వాక్యం కూడా అలా వచ్చిందే. ఎవరో "ఎన్ని క్వింటాళ్లు ఉంది" అని అడిగితే ఏజెంటు తనే టిక్కీకి 50 కిలోలని వేసుకుని హెచ్చవేసి చెప్పేసింది. టిక్కీ బరువు నలభై కిలోలకి అటూ ఇటూగా ఉంటుంది, దింపినవాళ్లని బట్టి మారుతుంది. తూకం చీటీ లేకుండా అక్కడ క్వింటాళ్ల మాట ఎవరూ ఎత్తరు.

రాత్రి 8 గంటల వాక్యం నాకు అన్నిటికంటే ఇష్టం. నా ప్రోగ్రామ్‌లో ఎక్కడా లేని సమాచారం అది. గేటు దగ్గర కుర్రాడు పుస్తకంలో రాసుకుంటాడు, రాత్రి గుమాస్తా గారు కంప్యూటర్‌లో ఎక్కిస్తారు. ఆఫీసులో అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ ఎక్కడా రాయలేదు. ఇప్పుడు ఏజెంటు మధ్యాహ్నం పూట లెక్క చెప్పేటప్పుడు "ఈ రోజు తీసుకెళ్లినవి ఇందులో కలవలేదు" అని తనే అంటోంది. ఆ ఒక్క మాటతో ఎన్ని ఫోన్ గొడవలు తప్పాయో బావని అడగాలి.

ఒక్కో టూల్‌కి కనీసం మూడు నాలుగు వాక్యాలు రాయమని, టూల్ సరిగ్గా పనిచేయడానికి వివరణే అన్నిటికంటే ముఖ్యమని ఆంత్రోపిక్ డాక్యుమెంటేషన్ చెబుతుంది. నిడివి విషయంలో నా అనుభవమూ అదే. అయితే ఆ వాక్యాల్లో ఏం పెట్టాలన్నది వేరే సంగతి. "ఈ శక్తిమంతమైన టూల్ స్టాక్ సమాచారాన్ని సమర్థంగా అందిస్తుంది" అని నాలుగు వాక్యాలు రాసినా మోడల్‌కి అందులో పనికొచ్చేది సున్నా. ఏం చేస్తుంది, ఎప్పుడు పిలవాలి, ఎప్పుడు పిలవకూడదు, వచ్చే జవాబులో ఏం ఉండదు. వీటిలో చివరి రెండే మనం మర్చిపోయేవి. మనం రాసిన టూల్ కాబట్టి అది ఏం చేస్తుందో గొప్పగా చెప్పుకుంటాం, ఏం చేయదో చెప్పడానికి మనసొప్పదు.

వివరణ ఎంత బాగా రాసినా ప్యారామీటర్లు నిర్లక్ష్యం చేస్తే లాభం లేదు. నా 341 తప్పులో సగం పాపం అక్కడిదే. పాత టూల్‌లో "లాట్" అని ఒక గడి, "రైతు" అని ఒక గడి ఉండేవి. రెండూ ఇష్టమైతే నింపొచ్చు, లేకపోతే వదిలేయొచ్చు. రకానికి గడే లేదు. 341 అనే అంకె చేతిలో ఉంది, అది పట్టే గడి ఒక్కటే కనిపించింది, మోడల్ అందులో పెట్టేసింది. లాట్ దొరికాక రైతు గడి నింపాల్సిన అవసరం దానికి కనిపించలేదు. పైగా లాట్ నంబరులో ఏడాది రాయకపోతే ఈ ఏడాదే అనుకునేలా కోడ్‌లో నేనొక సౌకర్యం పెట్టాను. మనుషుల బద్ధకాన్ని దృష్టిలో పెట్టుకుని చేసిన ఆ సౌకర్యమే ఏజెంటుని తప్పుదారి పట్టించింది. గట్టిగా "25-0341 అని మొత్తం రాయాల్సిందే" అని ఉంటే, ఉత్త 341 వెళ్లినప్పుడు అక్కడే ఆగిపోయేది.

ఇప్పుడు ఖాతా నంబరు తప్పనిసరి. రకానికి ఒక గడి పెట్టి, అందులో రాయదగిన పేర్లన్నీ జాబితాగా ఇచ్చేశాను. స్కీమాలో దీన్ని ఈనమ్ అంటారు. ఆ జాబితాలో 341 కనిపిస్తుంది కాబట్టి దాన్ని ఎక్కడ పెట్టాలో మోడల్‌కి వేరే చెప్పనక్కర్లేదు. వాక్యంలో బతిమాలడం కంటే గడి ఆకారం మార్చడం ఎప్పుడూ గట్టి పని. గడి పక్కన ఇంకో చిన్న మాట కూడా రాశాను: వాళ్ల ఆఫీసులో సన్నాలంటే 334 అని. గుమాస్తా గారు ఒకసారి అలా టైప్ చేస్తారు, ఒకసారి ఇలా.

గడికి పెట్టే పేరు కూడా వివరణే. "రైతు" అని ఊరికే రాస్తే పేరు ఇవ్వాలా, ఖాతా నంబరా, ఫోన్ నంబరా? ఆ ఆఫీసు రికార్డుల్లో వెంకటేశ్వర్లు అనే పేరుతో పదకొండు మంది ఉన్నారు. తండ్రి పేరు, ఊరు చూస్తే తప్ప ఎవరు ఎవరో తేలదు. అందుకే పేరు చెప్పి వెతకడానికి ఒక టూల్, లెక్క చూడటానికి ఇంకో టూల్ పెట్టాను. రెండో దానిలో గడి పేరు "రైతు_ఖాతా_నంబరు". వివరణలో ఒక మాట: "ఖాతా నంబరు తెలియకపోతే ముందు రైతు_వెతుకు పిలవాలి. ఒకరి కంటే ఎక్కువ మంది వస్తే ఊరు, తండ్రి పేరు చెప్పి ఎవరో అడగాలి, ఊహించకూడదు."

తేదీలు ఇంకో తలనొప్పి. 05-03 అంటే మనకి మార్చి 5, అమెరికా అలవాటులో మే 3. ఏడాది-నెల-రోజు వరసలో రాయాలని చెప్పి, ఒక ఉదాహరణ ఇస్తే సరిపోతుంది. అయితే "నిన్న దింపినవి" అని అడిగితే? ఈ రోజు ఏ తేదీయో మనం చెప్పకపోతే మోడల్‌కి తెలిసే దారి లేదు. ఇక "ఈ సీజన్" అన్న మాట సంగతి చూడండి. ఆ ఆఫీసులో సీజన్ అంటే కొత్త పంట లోపలికి రావడం మొదలైన ఫిబ్రవరి నుంచి. ఏజెంటు మాత్రం ఒకసారి జనవరి నుంచి లెక్కేసింది, ఇంకోసారి ఆర్థిక సంవత్సరం అనుకుని ఏప్రిల్ నుంచి. రెండు సార్లూ దాని తర్కంలో తప్పులేదు.

ఇక్కడ ఒక అపోహ గురించి చెప్పాలి. ఓపెన్‌ఏఐ 2024 ఆగస్టులో స్ట్రక్చర్డ్ అవుట్‌పుట్స్ అనే సదుపాయం తెచ్చింది. స్ట్రిక్ట్ మోడ్ పెడితే మోడల్ రాసే చీటీ మనమిచ్చిన స్కీమా ఆకారంలోనే ఉంటుంది. దీంతో టూల్ తప్పులు పోయినట్టేనని మిత్రుడొకడు నాతో వాదించాడు. అతనికి నా 341 చీటీ చూపించాను. ఆకారంలో దానికి వంక పెట్టలేం. అక్షరాలు ఉండాల్సిన చోట అక్షరాలు, కామాలు, బ్రాకెట్లు అన్నీ సరిగ్గా ఉన్నాయి. దరఖాస్తు తప్పుల్లేకుండా నింపి పక్కింటివాడి సర్వే నంబరు వేసినట్టుంది.

పెద్ద కంపెనీల వాళ్లూ ఇవే గోతుల్లో పడ్డారని తెలిశాక నాకు కాస్త ధైర్యం వచ్చింది. కోడ్‌లో బగ్గులు సరిచేసే ఏజెంటుని తయారుచేసేటప్పుడు ఆంత్రోపిక్ వాళ్లకి ఒక ఇబ్బంది వచ్చింది. ఏజెంటు ఒక ఫోల్డర్‌లోంచి ఇంకో దాంట్లోకి వెళ్లాక, ఫైలు ఎక్కడుందో సగం దారి మాత్రమే రాసి పొరపాట్లు చేసేది. ప్రతిసారీ మొదటి నుంచి పూర్తి దారి ఇవ్వాల్సిందేనని టూల్‌నే మార్చేశారు, ఆ తర్వాత ఆ తప్పు రాలేదని 2024 డిసెంబరులో రాశారు. ప్రాంప్ట్ (మోడల్‌కి రాసిచ్చే సూచనలు) కంటే టూళ్ల మీదే ఎక్కువ సమయం పెట్టామని కూడా అందులోనే ఒప్పుకున్నారు. మరో సందర్భంలో వాళ్ల వెబ్ సెర్చ్ టూల్‌ని వాడుతూ క్లాడ్ అవసరం లేకపోయినా వెతికే మాటల చివర 2025 అని తగిలించేదట. టూల్ వివరణ సవరించి ఆ అలవాటు మాన్పించారు.

రెండు టూళ్లు దగ్గరదగ్గరగా ఉంటే అసలు కష్టం మొదలవుతుంది. నా దగ్గర స్టాక్ చూసే టూల్‌తో పాటు బాండు వివరాలు చూపే టూల్ ఒకటి ఉండేది. బాండులో కూడా టిక్కీల సంఖ్య ఉంటుంది, కానీ అది దింపిన రోజు లెక్క. తర్వాత కొన్ని తీసుకెళ్లినా ఆ టూల్‌లో పాత అంకే కనిపిస్తుంది. "బాండులో ఎన్ని ఉన్నాయి?" అని అడిగితే ఏజెంటు ఒక్కోసారి ఇది పిలిచేది, ఒక్కోసారి అది. రెండు వివరణల్లోనూ సరిహద్దు గీయడానికి మూడు రోజులు తంటాలు పడ్డాను. ఇటు రాస్తే అటు తప్పు, అటు సవరిస్తే ఇటు తప్పు. చివరికి గుమాస్తా గారినే అడిగాను, మీరెలా తేడా తెలుసుకుంటారని. "తేడా ఏముంది బాబూ, రెండూ చూసి రెండూ చెబుతాను" అన్నారు. ఆ రాత్రే రెండు టూళ్లనీ కలిపేశాను. ఇప్పుడు ఒకటే టూల్, జవాబులో దింపినవి, తీసుకెళ్లినవి, మిగిలినవి మూడూ వస్తాయి. రెండు టూళ్ల మధ్య తేడాని ఒక్క వాక్యంలో చెప్పలేకపోతున్నామంటే, తప్పు వాక్యంలో కాదు, టూళ్లని కోసిన తీరులో ఉంటుందని అప్పటి నుంచి నా నమ్మకం.

టూల్ తిరిగి ఇచ్చే జవాబు కూడా మోడల్ చదివే రాతే. దీన్ని చాలామంది పట్టించుకోరు. నా పాత టూల్, సరుకు లేకపోతే ఖాళీ జాబితా పంపేది. ఒకరోజు గుమాస్తా గారు ఖాతా నంబరులో ఒక అంకె తప్పు కొట్టారు. ఏజెంటు ప్రశాంతంగా "ఈ రైతుకి ప్రస్తుతం సరుకు ఏమీ లేదు" అంది. ఫోన్‌లో అవతల ఉన్నది రైతు. ఏడాది కష్టం లోపల పెట్టుకున్న మనిషి ఆ మాట వింటే ఏమవ్వాలి? నయం, గుమాస్తా గారు పైకి చదవలేదు. ఇప్పుడు అలాంటప్పుడు టూల్ ఇలా చెబుతుంది: "1172 అనే ఖాతా లేదు. నంబరు మళ్లీ చూడండి, లేదా రైతు_వెతుకు టూల్‌తో పేరు పెట్టి వెతకండి." ఖాతా ఉండి సరుకంతా తీసుకెళ్లి ఉంటే, ఆ మాటా, చివరి డెలివరీ తేదీనీ చెబుతుంది. "ఎర్రర్ 404" అని పంపితే మోడల్ దాని చుట్టూ ఏదో ఒక కథ అల్లుతుంది. తర్వాత ఏం చేయాలో చెప్పే ఎర్రర్ పంపితే ఆ పని చేస్తుంది.

అలాగని ఉన్నదంతా కుమ్మరించినా కష్టమే. ఆంత్రోపిక్ వాళ్ల కోడింగ్ ఏజెంటు క్లాడ్ కోడ్‌లో ఒక టూల్ జవాబుకి మామూలుగా 25,000 టోకెన్ల (మోడల్ రాతని చదివే చిన్న ముక్కలు) పరిమితి ఉంటుంది. మనకి అంత దూరం ఎందుకు, ఒక రైతు గురించి అడిగితే ఐదేళ్ల లాట్లన్నీ చూపించకుండా ఈ సీజన్‌వి చూపించి, "పాతవి కావాలంటే ఏడాది చెప్పండి" అని ఒక ముక్క పెడితే చాలు.

గట్టిగా చెప్పాలనే ఆవేశంలో ఇంకో పొరపాటు చేశాను. రైతు_వెతుకు టూల్‌ని ఏజెంటు అప్పుడప్పుడు మర్చిపోతోందని, వివరణ మొదట్లో "అతి ముఖ్యం! ప్రతిసారీ ముందు ఇదే పిలవాలి!" అని రాశాను. మర్నాడు గుమాస్తా గారు "నమస్తే" అని టైప్ చేస్తే, ఏజెంటు నమస్తే అనే రైతు కోసం వెతికింది. కేకలు వేస్తే మోడల్ మరీ శ్రద్ధగా వినేస్తుంది. ఎందుకు పిలవాలో కారణం మామూలు గొంతుతో రాస్తే చాలు. "ఒకే పేరుతో చాలామంది రైతులు ఉంటారు, అందుకే లెక్క చూసే ముందు ఖాతా నంబరు ఖాయం చేసుకోవాలి" అని మార్చాక ఆ గోల తగ్గింది.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ చూసి చెప్పే టూళ్లు. సరుకు బయటికి పంపే టూల్ సంగతి వేరు. డెలివరీ ఆర్డర్ ఇస్తే లారీ కదులుతుంది. ఆ బాండు మీద బ్యాంకు లోను ఉంటే, బ్యాంకు ఒప్పుకోకుండా ఒక్క టిక్కీ కదలకూడదు. వివరణలో "లోను ఉన్న బాండుకి దీన్ని వాడకూడదు" అని రాయొచ్చు, రాయాలి కూడా. అది అభ్యర్థన మాత్రమే, తాళం కాదు. ఎంసీపీలో టూల్‌కి "ఇది చూడటానికే", "ఇది నష్టం చేయగలదు" అని గుర్తులు తగిలించే వీలుంది. ఆ ప్రోటోకాల్ వాటిని సూచనలు అనే పిలుస్తుంది, టూళ్లు అందించే సర్వర్ నమ్మకమైనది కానప్పుడు వాటిని నమ్మొద్దనీ చెబుతుంది. అసలు వివరణే ఆయుధం కావచ్చు. చూడటానికి మామూలుగా ఉన్న టూల్ వివరణలో మనిషి కంటపడని ఆజ్ఞలు దాచి, ఏజెంటు చేత ఫైళ్లు బయటికి పంపించే దాడిని 2025 ఏప్రిల్‌లో ఇన్వేరియంట్ ల్యాబ్స్ అనే ఏఐ భద్రత కంపెనీ చూపించింది. టూల్ పాయిజనింగ్ అని దానికి పేరు. మోడల్ ఆ రాతని అంత శ్రద్ధగా చదువుతుంది కాబట్టే ఈ ప్రమాదం. ఎవరో ఇచ్చిన టూల్ తగిలించుకునే ముందు దాని వివరణ మొత్తం మన కళ్లతో చదవాలి.

మా దగ్గర డెలివరీ టూల్ పేరు డెలివరీ_చీటీ_తయారీ. తయారీ వరకే దాని పని. లోను ఉందా లేదా కోడ్ చూస్తుంది, ఉంటే చీటీయే రాదు. లేకపోతే చీటీ స్క్రీన్ మీదికి వస్తుంది, బటన్ నొక్కేది గుమాస్తా గారు. "ఏంట్రా, అన్నీ అదే చేసేస్తుందన్నావు" అని బావ దెప్పాడు. దెప్పితే దెప్పాడు.

వివరణలు ఏ భాషలో రాయాలని అడుగుతుంటారు. ఒకే విషయం తెలుగు లిపిలో రాస్తే ఇంగ్లీషు కంటే ఎక్కువ టోకెన్లు పడతాయి, టూళ్ల జాబితా ప్రతి ప్రశ్నతో పాటు వెళ్తుంది కాబట్టి ఆ ఖర్చు పేరుకుంటుంది. నేను ముందు తెలుగులో రాసుకుని, తర్వాత ఇంగ్లీషులోకి మార్చి, ఆఫీసు మాటల్ని మాత్రం రెండు లిపుల్లోనూ ఉంచాను: టిక్కీ, బాండు, సన్నాలు, తాలు. గుమాస్తా గారు ఎలా టైప్ చేసినా పోల్చుకోవాలి కదా. ముందు తెలుగులో రాయడం వృథా కాలేదు. ఇంగ్లీషులో నేను "స్టాక్ డేటా" అని తప్పించుకోగలను. తెలుగులో రాసేటప్పుడు దింపిందా మిగిలిందా అని నన్ను నేనే ప్రశ్నించుకోవాల్సి వచ్చింది.

ఇక ఎన్ని టూళ్లు ఉండొచ్చు? ఒక విడతకి 20 కంటే తక్కువ ఉంచమని ఓపెన్‌ఏఐ సలహా ఇస్తుంది, నియమం కాదు. వందల టూళ్లు ఉన్నచోట అవసరమైనవి మాత్రం వెతికి తెచ్చుకునే పద్ధతులూ వచ్చాయి. అయితే అక్కడ కూడా వెతికేది పేరు, వివరణ చూసే. మాకు ఆరు ఉన్నాయి, చాలు.

బాగా రాశామో లేదో తేల్చేది మన మెచ్చుకోలు కాదు. గుమాస్తా గారి ఫోన్ పుస్తకంలోంచి నలభై నిజమైన ప్రశ్నలు తీసుకుని, ఒక్కోదానికి ఏ టూల్ పిలవాలో, ఏ గడిలో ఏం పడాలో రాసిపెట్టుకున్నాను. వివరణలో ఒక్క మాట మార్చినా ఆ నలభై మళ్లీ నడుపుతాను. చూడాల్సింది చివరి జవాబు కాదు, మోడల్ రాసిన చీటీ. జవాబు అదృష్టం కొద్దీ సరిపోవచ్చు. ఒకసారి ఒకే మార్పు చేయాలి, లేకపోతే ఏది పనిచేసిందో తెలియదు. ఇంకో చవకైన పరీక్ష ఉంది. వివరణని ఆ పని తెలియని మనిషికిచ్చి, ఈ ప్రశ్నకి గడులు నింపమనండి. మా శ్రీకాకుళం కుర్రాడు తడబడిన చోట్లలో చాలా వరకు మోడల్ కూడా తడబడింది.

ఆ నలభైలో ఇప్పటికీ ఒకటి కుదరడం లేదు. "తాలు ఎన్ని ఉన్నాయి?" అన్న ప్రశ్న. తాలు కాయలంటే రంగు పోయినవి. దాన్ని రకాల జాబితాలో పెట్టాలా, లేక తేజ తాలు, 341 తాలు అని ప్రతి రకం కింద నాణ్యతగా చూపించాలా? బావని అడిగితే రకమే, బాండు మీద అలాగే రాస్తాం అంటాడు. గుమాస్తా గారు ఒప్పుకోరు, "ధర వేరు గానీ రకం వేరెలా అవుతుంది బాబూ" అంటారు. ఇద్దరూ తేల్చుకునే దాకా ఆ వాక్యం ఖాళీగానే ఉంచాను. ప్రస్తుతానికి ఏజెంటు తాలు మాట వస్తే "గుమాస్తా గారిని అడగండి" అంటోంది. అడుగుతున్నది ఆయనే.